రొట్టె విరవని ఆదివారాలు

మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, బల్ల ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే, ఆ రోజు ప్రభువు జ్ఞాపకార్థం అందరం ఒకే రొట్టె విరుచుకుని తింటాం, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం తాగుతాం. చాలా మందిరాల్లో జరిగేదే. మా దగ్గర మాత్రం దానికి ముందు ఇంకో పని జరుగుతుంది. రొట్టె పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ గుడ్డ మీద చెయ్యి ఉంచి, "మీలో ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్లుంటే ముందు లేచి వెళ్లి వందనాలు చెప్పుకుని రండి" అంటారు. ఎవరైనా ఉంటే లేస్తారు. చాపల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి, ఎదుటి మనిషి ముందు చేతులు జోడిస్తారు. వాళ్లు తిరిగి వచ్చి కూర్చున్నాక గుడ్డ తీస్తారు.

ఎక్కువ సార్లు అది చిన్న విషయంగానే అయిపోయేది. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరు ఉన్నచోటే లేచి నిలబడి ఒకరికొకరు దండం పెట్టుకున్నారు. పొద్దున కూరలో ఉప్పు దగ్గర మొదలైందట. అందరం నవ్వాం, అయ్యగారు కూడా నవ్వారు. బోరు మోటారు దగ్గర తగాదా పడిన అన్నదమ్ములు మాత్రం లేవడానికి చాలాసేపు పట్టింది. పత్రికలో పని చేసిన నాకు మనుషులు రాజీ పడటం కొత్త కాదు. పోలీస్‌స్టేషన్ల ముందు, ఎమ్మార్వో ఆఫీసు వరండాల్లో, పెద్దమనుషుల పంచాయితీల్లో ఎన్నో చూశాను. అక్కడ ఎవరో ఒకరు ఓడిపోయి రాజీ పడతారు. మా మందిరంలో అలా కనిపించేది కాదు. అందుకేనేమో, పెద్దగా భక్తిపరుణ్ణి కాకపోయినా, మొదటి ఆదివారం మాత్రం నేను తప్పేవాణ్ణి కాదు.

ఈ నియమం పెట్టింది మా అక్క.

అక్కని పెనుగొలను అనే ఊరికి ఇచ్చారు. మా బావ చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. ప్రభుత్వ హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. తిరువూరులో ఆమె కట్టుకున్న ఇంట్లోనే వెనక వాటాలో నేనూ, మా ఆవిడా ఉంటున్నాం. సంఘం మొదలైంది ఆ ఇంటి ముందు గదిలోనే. అప్పట్లో నాలుగైదు కుటుంబాలు. మందిరం లేదు, మైకు లేదు. మొదటిసారి అక్కడ రొట్టె విరవబోతున్నప్పుడు, ఇద్దరు ఆడవాళ్లు చెరో గోడకి మొహం తిప్పుకుని కూర్చున్నారట. అక్క అయ్యగారి చెయ్యి ఆపిందట. హాస్టల్లో ఆమెకొక అలవాటు ఉండేది. పిల్లలందరూ వచ్చి వరసలో కూర్చుంటే గానీ వడ్డన మొదలు పెట్టనిచ్చేది కాదు. జ్వరమొచ్చిన పిల్ల ఉంటే కబురు పంపి, ఏం తింటుందో కనుక్కుని, ఆ తర్వాతే గరిటె పట్టుకునేది. అదే ఇక్కడికీ తెచ్చింది. "అందరూ రాకుండా అన్నమే పెట్టేదాన్ని కాదు, ఇది అన్నం కన్నా తక్కువా అయ్యగారూ?" అందట. అలా మొదలైంది. తర్వాత రేకుల షెడ్డు వేసుకుని మందిరం కట్టుకున్నాం. ఆచారం మాతో పాటు అక్కడికి వచ్చింది.

నేను చెప్పబోయేది ఆ ఆచారం మమ్మల్ని ఎక్కడ నిలబెట్టిందన్న సంగతి.

మా సంఘంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఒకావిడ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇంకొకావిడ బస్టాండు దగ్గర టిఫిన్ల బండి నడుపుతుంది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. రక్త సంబంధం లేదు కానీ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఒకే ఏడాది బాప్తిస్మం తీసుకున్నారు. మందిరంలో ఎప్పుడూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. కుట్టుపనావిడకి ప్రార్థన అంటే ప్రాణం. మొదలు పెడితే ఆమె గొంతు ఎక్కడికో వెళ్లిపోతుంది. వినేవాళ్ల కళ్లు తడుస్తాయి. ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆమెకే చెప్పుకునేవాళ్లు.

టిఫిన్లావిడ కొడుకు మొబైల్ రిపేరు షాపులో పని చేస్తాడు. నెమ్మదస్తుడు. చిన్నప్పటి నుంచి అతనికి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతుంటే మధ్యలో తగ్గాయి. నిరుడు ఒకసారి షాపులోనే పడిపోయాడు. అది బయటికి రాకుండా తల్లి జాగ్రత్త పడింది. ఈ లోగా వినగడప నుంచి సంబంధం కుదిరింది. తల్లికి లోపల భయం. ఒక సాయంత్రం కుట్టుపనావిడ ఇంటికి వెళ్లి, తలుపు దగ్గరకి వేసి, సంగతంతా చెప్పి, ప్రార్థన చెయ్యమంది.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన. గట్టిగా వాన పడుతోంది. రేకుల మీద మోతకి పక్కనున్న మనిషి మాట వినపడటం లేదు. అందుకని ప్రార్థన చేసేవాళ్లకి మైకు చేతికిచ్చారు. మైకుకి బయట స్తంభం మీదున్న హారను కూడా కలిపి ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. వంతు కుట్టుపనావిడకి వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని మొదలు పెట్టింది. మధ్యలో వాన ఆగింది. ఆమె ఆగలేదు.

"నా వదిన బిడ్డని జ్ఞాపకం చేసుకో తండ్రీ. పసితనం నుంచీ ఆ మూర్ఛ వాణ్ణి వదల్లేదు. నిరుడు షాపులో పడిపోయినప్పుడు నువ్వే లేపావు. రేపు పెళ్లి పందిట్లో వాడికి అవమానం రానివ్వకు తండ్రీ..."

ఏడుస్తూ అంటోంది. పేరు కూడా చెప్పింది. లోపల మేమంతా ఆమెన్, ఆమెన్ అంటున్నాం. ఆమె పక్కనే కూర్చున్న టిఫిన్లావిడ మాత్రం కళ్లు తెరిచింది. ఆమె చెయ్యి మైకు వైపు వెళ్లి, సగంలో ఆగిపోయింది. ప్రార్థన చేస్తున్న మనిషి చేతిలోంచి మైకు ఎలా లాక్కుంటారు?

వినగడప పెళ్లికూతురి పెద్దమ్మ ఆ వీధిలోనే ఉంటుంది. వాన వెలిసిందని తీగ మీద బట్టలు ఆరేసుకోవడానికి బయటికొచ్చిందట. ఆదివారం నాటికి సంబంధం తప్పిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకునే చోట, టిఫిన్లావిడ ఒక్క మాట అడిగింది.

"దేవుడికి చెవుడా వదినా, మైకులో చెప్పావు?"

"నేను మైకులో చెప్పానా వదినా? ప్రార్థన చేశాను. నీ బిడ్డ కోసం ఏడ్చాను."

"నువ్వు ఏడిస్తే నా ఇంట్లో పొయ్యి ఆరిపోయింది."

అంతే. ఆ రోజు నుంచి వాళ్ల మధ్య మాటల్లేవు. ఒకరు ఈ గోడ దగ్గర, ఒకరు ఆ గోడ దగ్గర కూర్చోవడం మొదలు పెట్టారు. తర్వాతి నెల మొదటి ఆదివారం అయ్యగారు గుడ్డ మీద చెయ్యి పెట్టి అడగాల్సిన మాట అడిగారు. ఎవరూ లేవలేదు. ఇంకోసారి అడిగారు. చెయ్యి తీసేసి, ఆశీర్వాద ప్రార్థన చేసి పంపేశారు. ఆ తర్వాతి నెల కూడా అంతే. ఆ పై నెలా అంతే. ప్రతిసారీ అయ్యగారి భార్య రొట్టె కాల్చి తెచ్చేది. ప్రతిసారీ అది అలాగే ఇంటికి తిరిగి వెళ్లేది. వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. వింతగా, ఆ ఇద్దరూ ఒక్క వారం కూడా మానలేదు.

అక్కకి అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాళ్లు వాచేవి. విజయవాడ తీసుకెళ్లాం. గుండె బాగా బలహీనపడిందనీ, చెయ్యగలిగింది పెద్దగా లేదనీ, ఇంట్లో ప్రశాంతంగా ఉంచమనీ చెప్పి పంపేశారు. కారులో తిరిగొస్తున్నాం. మైలవరం దాటాక ఆమే మాట్లాడింది.

"తమ్ముడూ, మొదటి ఆదివారం ఎప్పుడు పడింది?"

"వచ్చే వారమే అక్కా."

"ఒక్కసారి బల్లలో చెయ్యి వేసి పోవాలని ఉందిరా."

ఆమె ఇంకేమీ కోరలేదు. మందులు మానేస్తాననలేదు, ఎవరినీ చూడాలని ఉందనలేదు. ఆ ఒక్కటే.

అయ్యగారు మరుసటి రోజే వచ్చారు. చిన్న స్టీలు డబ్బాలో రొట్టె ముక్క, సీసాలో ద్రాక్షరసం తెచ్చారు. ఆయన కంటే అక్క వయసులో పెద్దది, ఆమెని అక్కయ్యా అనే పిలుస్తారు.

"రోగులకి ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం అన్నిచోట్లా ఉన్నదే అక్కయ్యా. నేను వాక్యం చదువుతాను, మీరు తీసుకోండి."

అక్క దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు. డబ్బా వైపు చూసింది.

"తప్పని అనను అయ్యగారూ. మిగతావాళ్లకి ఇవ్వండి. నాకు మాత్రం వద్దు. నేనొక్కదాన్నే కూర్చుని తింటే నా మనసుకి అది బల్లలా అనిపించదు. ఆయన నన్ను ఒక్కదాన్నే పిలిచాడా? వీళ్లందరితో కలిపి పిలిచాడు."

"అయితే అందరం ఇక్కడికే వస్తాం. కాకపోతే..." అయ్యగారు నా వైపు చూశారు. "ఈ ఒక్కసారికి ఆ మాట అడగకుండా గుడ్డ తీసేస్తాను. మీకున్న పరిస్థితి చూసి ఎవరూ ఏమీ అనరు."

"అడగకపోతే లేనట్టా అయ్యగారూ?"

ఆయన డబ్బా మూత పెట్టేశారు. బయట మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లిగా అన్నారు. "అన్నగారూ, ఆమె పెట్టిన నియమమే. ఆమె ఒక్క మాట వదిలేస్తే అందరికీ ఊపిరాడుతుంది. నేను వదిలేయలేను, ఆమె వదలదు. మీరేమైనా ఆ ఇద్దరితో మాట్లాడగలరా? మనుషులతో మాట్లాడటం మీకు అలవాటు కదా."

మాట్లాడించడం నాకు అలవాటే. మాట్లాడనివాళ్ల దగ్గర కూర్చుని, టీ తాగి, వాళ్లంతట వాళ్లు నోరు విప్పేదాకా ఓపిగ్గా ఉండటమే నా వృత్తి. ఆ ధైర్యంతోనే బయలుదేరాను.

మొదట టిఫిన్లావిడ దగ్గరికి వెళ్లాను. పొద్దున రద్దీ తగ్గాక, ఆమె ఇడ్లీ రేకులు కడుగుతోంది. కొడుకు షాపుకి వెళ్లబోతూ బండి పక్కన నిలబడి ఉన్నాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను.

"అక్కయ్యకి ఎలా ఉందన్నయ్యా?"

"అలాగే ఉందమ్మా. ఆమె కోరిక నీకు తెలుసుగా."

"తెలుసు. అయ్యగారి భార్య చెప్పింది." రేకు బోర్లించింది. "నాకు ఆవిడ మీద కోపం లేదన్నయ్యా. ఉన్నదంతా అయిపోయింది. నేను నా మొగుడితో చెప్పలేదు, మా పుట్టింటివాళ్లకి చెప్పలేదు, ఆవిడకి చెప్పాను. తప్పయింది వదినా అని ఒక్క మాట అనమనండి. రెండు మాటలు కూడా వద్దు. గంటసేపు ప్రార్థన వస్తుంది ఆ నోటికి. ఈ ఒక్క ముక్క రాదా?"

కొడుకు మధ్యలో అన్నాడు. "వదిలెయ్యమ్మా. నాకేమీ లేదు. పెద్దమ్మ కోసమన్నా..." మా అక్కని అతను పెద్దమ్మ అంటాడు.

"నువ్వుండరా. పెళ్లి పోయింది నీది. పరువు పోయింది నాది."

ఆమె చేతులు తుడుచుకుని నాకు టీ పోసింది. చివరికి నేను అడిగాను. "మరి ఆవిడ వచ్చే మందిరానికి నువ్వెందుకు వస్తున్నావమ్మా? ఊళ్లో ఇంకా మందిరాలు ఉన్నాయిగా."

"ఆవిడ పిలిస్తే వచ్చానా నేను, ఆవిడ ఉందని మానడానికి?" అంది. "పిలిచినవాడు పిలిచాడు. వస్తాను. ఆ గోడ పక్కన కూర్చుంటాను. నా పాట నేను పాడుకుంటాను."

నేను టీ గ్లాసు కింద పెట్టి లేచాను.

కుట్టుపనావిడ ఇంటికి సాయంత్రం వెళ్లాను. మిషను మీద ఎవరిదో జాకెట్టు ఉంది. నన్ను చూడగానే ఏడవడం మొదలు పెట్టింది.

"నేను రోజూ ఆమె కోసం ప్రార్థన చేస్తున్నానన్నయ్యా. ఆ అబ్బాయి కోసం కూడా."

"ప్రార్థన సరే. ఆమెకి ఒక మాట చెబితే సరిపోతుంది కదమ్మా. తప్పయింది అని."

"ఏం తప్పయింది? ప్రార్థన చెయ్యడమా? దాన్ని తప్పంటే నేను దేవుడి ముందు ఏ మొహం పెట్టుకుని మోకరిస్తాను? మైకు నేను పెట్టానా, హారను నేను కట్టానా?"

"ప్రార్థన తప్పని ఎవరూ అనట్లేదు. ఆమె రహస్యంగా చెప్పింది కదా, నువ్వు పదిమందిలో చెప్పావు. దానికి."

ఆమె మిషను చక్రం తిప్పింది. తర్వాత మెల్లిగా అంది. "ఒక ఆడపిల్లకి ఆ సంగతి చెప్పకుండా పెళ్లి చెయ్యబోవడం మాత్రం మంచిదా అన్నయ్యా? దేవుడే నా నోట పలికించాడేమో."

"ఈ మాట ఆమెతో అన్నావా?"

"ఒకసారి అన్నాను."

నేను లేచాను. ఆమె చెప్పినదాంట్లో నిజం ఉంది. పొద్దున బండి దగ్గర విన్నదాంట్లోనూ నిజం ఉంది. రెండు నిజాలూ విని రాసుకుని ఇంటికొచ్చేయడం నాకు తెలిసిన పని. వార్తకి అది చాలేది. ఇప్పుడు చాలలేదు.

ఆదివారం బల్ల మా ఇంట్లోనే పెట్టాలనీ, ఆ మాట మాత్రం ఎప్పటిలాగే అడగాలనీ అయ్యగారు తేల్చారు. శనివారం కుర్చీల కోసం సప్లయర్స్ భాయ్ దగ్గరికి వెళ్లాను. మా వీధి చివర అతని షాపు. షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకిస్తాడు. నెమలి అనే ఊళ్లో గుడి దగ్గర తిరునాళ్లకి సామాను పంపుతూ హడావుడిగా ఉన్నాడు. అయినా మా ఇంటికని చెప్పగానే ఆగాడు.

"అక్కకి అడిగితే కుర్చీలు లేవంటానా సార్? మా పాపని హాస్టల్లో ఆమే కదా చూసుకుంది. పొద్దున్నే పంపిస్తా." తర్వాత నవ్వాడు. "అవును సార్, ఆ మైకు గొడవ ఇంకా తేలలేదంట కదా? ఊళ్లో అందరి తగాదాలూ పేపర్లో వేసేవారు. ఇంట్లో తగాదా మాత్రం మీ వల్ల కావట్లేదా?"

"కావట్లేదు భాయ్."

నా మొహం చూసి అతను నవ్వు ఆపేశాడు. "అల్లా ఏదో ఒకటి చేస్తాడులే సార్," అని లోపలికి వెళ్లి కుర్చీలు లెక్కపెట్టించడం మొదలు పెట్టాడు.

ఆదివారం అందరూ వచ్చారు. ముందు గది నిండి, వరండా నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మా ఆవిడ అక్కకి ఉతికిన తెల్లచీర కట్టి, మంచాన్ని గది మధ్యకి జరిపించి, వెనక మూడు దిండ్లు పెట్టింది. అక్క వచ్చిన ప్రతి మొహాన్నీ చూస్తోంది. ఎవరైనా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటే, వాళ్లింట్లో ఇంకా రావాల్సినవాళ్లెవరో అడుగుతోంది. టిఫిన్లావిడ కొడుకుతో వచ్చి కిటికీ కింద కూర్చుంది. కుట్టుపనావిడ కాస్త ఆలస్యంగా వచ్చి గుమ్మం పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఇద్దరికీ మధ్య మంచం.

పాటలయ్యాయి. వాక్యం అయింది. అయ్యగారు చిన్నగానే చెప్పారు. మంచం పక్కన స్టూలు మీద పళ్లెం ఉంది. ఆయన గుడ్డ మీద చెయ్యి పెట్టి అడిగారు. ఎప్పుడూ అనే మాటలే. చివర్లో మాత్రం ఆయన గొంతు బతిమాలుతున్నట్టు అయింది.

గదిలో ఎవరూ కదల్లేదు. వీధిలో ఎవరిదో మోటారు సైకిలు వెళ్లింది. నేను అక్క మొహం చూడలేక నేల వైపు చూశాను.

అప్పుడు గుమ్మం దగ్గర చప్పుడైంది. తలెత్తాను. కుట్టుపనావిడ లేచింది. లేచి, మనుషుల మధ్య దారి చేసుకుంటూ మంచం దాకా వచ్చింది. కిటికీ కింద ఉన్నావిడ కూడా తలెత్తింది. నేను చూశాను, ఆమె మొహం గట్టిగా లేదు. ఎదురుచూస్తున్న మొహం అది.

కుట్టుపనావిడ మంచం దాటి ఆమె ముందుదాకా వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుంది. చేతులు పైకెత్తింది.

"ప్రభువా, నా సహోదరి మనసు మెత్తన చెయ్యి తండ్రీ. ఆమె గుండెలో ఉన్న చేదుని తీసెయ్యి. ఆమె బిడ్డకి ఉన్న ఆ జబ్బుని..."

పాపం, ఆమెకి తెలిసిన దారి అదొక్కటే. క్షమాపణ అడగాలనే వచ్చింది, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. నోరు తెరవగానే ప్రార్థన వచ్చింది. అదే గొంతు, అదే ఏడుపు. ముందు ఏం జరిగిందో అదే మళ్లీ జరుగుతోంది, ఈసారి మైకు లేకుండా. అబ్బాయి తలొంచుకున్నాడు. కొందరు అలవాటుగా ఆమెన్ అనబోయి నోరు మూసుకున్నారు. టిఫిన్లావిడ చీర కొంగు తల మీదికి లాక్కుని, కొడుకు చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆపు," అంది అక్క.

గట్టిగా అనే శక్తి ఆమెకి లేదు. అయినా వినపడింది. కుట్టుపనావిడ ఆపింది, కళ్లు తెరవలేదు.

"దేవుడితో తర్వాత చెప్పుకుందువు గానీ. ముందు కళ్లు తెరువు. నీ ఎదురుగా ఉన్న మనిషితో చెప్పు."

ఆమె కళ్లు తెరిచింది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, టిఫిన్లావిడ ఉంది. ఆమె కదల్లేదు. చూపు తిప్పుకోలేదు. ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఒకరినొకరు చూసుకుని నెలలైంది. కుట్టుపనావిడ పెదాలు కదిలాయి. మళ్లీ కదిలాయి. ఊరందరి కోసం గంటల తరబడి మాటలు దొరికే మనిషికి ఒక్క మాట దొరకలేదు. అది పొగరు అనుకోవడానికి లేదు. నేను దగ్గర నుంచి చూశాను. ఏం చెప్పాలో నిజంగానే ఆమెకి తెలియలేదు. దేవుణ్ణి పిలవకుండా, కళ్లు మూసుకోకుండా, ఒక మనిషి మొహంలోకి చూస్తూ మాట్లాడటం ఆమె ఎప్పుడో మర్చిపోయినట్టుంది.

నాకు లేచి ఆ మాట ఆమెకి అందించాలనిపించింది. అందరికీ అలాగే అనిపించి ఉంటుంది. కానీ ఆ మాట ఇంకొకరు అందించేది కాదు.

టిఫిన్లావిడ చాలాసేపే చూసింది. తర్వాత కొడుకు భుజం ఆసరాతో లేచింది. అక్క దగ్గరికి వచ్చి, ఆమె కాళ్ల దగ్గర దుప్పటి సర్ది, "వస్తానక్కయ్యా" అంది. వెళ్లిపోలేదు. వరండాలోకి వెళ్లి, మెట్ల మీద కూర్చుంది. కుట్టుపనావిడ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. మా ఆవిడ వెళ్లి ఆమెని లేపి గోడ దగ్గర కూర్చోబెట్టింది.

అయ్యగారు అక్క వైపు చూశారు. ఆయన చెయ్యి ఇంకా గుడ్డ మీదే ఉంది. తీసెయ్యమంటే తీసేసేవారు. గదిలో సగం మంది కళ్లతో అదే అడుగుతున్నారు. అక్క వద్దన్నట్టు తల ఊపింది.

అందరూ వెళ్లిపోయాక, మనుషులు కుర్చీలు ఎత్తి బయట పెడుతుంటే, ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"నేను పెట్టింది తప్పంటావా తమ్ముడూ?"

నా దగ్గర జవాబు ఉంటుందని ఆమె ఎందుకనుకుందో తెలియదు. ఎప్పుడూ నన్ను అలా అడగలేదు. అవునంటే, ఇన్నాళ్లూ ఆమె నమ్మినదాన్ని ఆఖరి రోజుల్లో చేతిలోంచి లాక్కున్నట్టు. కాదంటే, ఈ ఆకలితోనే వెళ్లిపొమ్మన్నట్టు.

"నాకు తెలియట్లేదక్కా."

"నాకూ తెలియట్లేదు," అంది. గుమ్మం వైపు చూసి, "అందరూ వచ్చారు. ఒక్కరూ మానలేదు," అంది. సంతోషంగా అందో, వాపోయిందో నాకు అర్థం కాలేదు. ఊపిరి అందక ఆ మాట మధ్యలో ఆగింది.

ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ జావ తెచ్చేసరికి వెళ్లిపోయింది. సమాధుల తోటకి సంఘమంతా వచ్చింది. టిఫిన్లావిడ ఆ రోజు బండి తియ్యలేదు. కుట్టుపనావిడ అక్క మొహం చుట్టూ చీర అంచు సర్దింది. ఇద్దరూ పెట్టెకి చెరో పక్కన నిలబడ్డారు. మట్టి వేసేటప్పుడు కూడా మాట్లాడుకోలేదు.

తర్వాతి ఆదివారం మళ్లీ మందిరంలో కూడుకున్నాం. ఎప్పటిలాగే ప్రార్థన వరసలో ఒకరి తర్వాత ఒకరికి వచ్చింది. కుట్టుపనావిడ వంతు వచ్చింది. అందరం కళ్లు మూసుకుని ఎదురుచూశాం. ఏమీ వినపడలేదు. నేను కళ్లు తెరిచాను. ఆమె కళ్లు తెరిచే ఉంది. అవతలి గోడ వైపు చూస్తోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అవతలి గోడ దగ్గర టిఫిన్లావిడ తల వంచుకుని కూర్చుని ఉంది, ఆమె చూడలేదు. పక్కనున్నావిడ కాసేపు ఆగి, ఇక వంతు తనదే అనుకుని మొదలు పెట్టింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ మాట అడగాలా, మానెయ్యాలా అని సంఘపెద్దలు తేల్చుకోలేకపోతున్నారట. "మీ అక్కయ్యగారు పెట్టింది. ఆవిడ లేరు. మీరు చెప్పండి," అన్నారు. ఆయన వెనక నలుగురైదుగురు నిలబడి నా మొహం చూస్తున్నారు.

ఆలోచించి చెబుతానని అన్నాను. ఇంకా చెప్పలేదు.